వినోదవిజ్ఞానము: అక్షరముల కూర్పు



నాలుగైదు ఆంగ్లాక్షరములు చేతి కిచ్చి, వీనితో అర్థముగల మాట లెన్ని కూర్పవచ్చునో చెప్పుమనుట పిల్లల యాట యని మనము తలంతుము. పిల్లల యాట యనుట నిజమే. కాని నేడు మన తెలుగునాట వేలకొలది యువతీయువకులకు ఈ యాట జీవనోపాధికి సంబంధించిన పరీక్షయై కూర్చున్నది. బ్యాంకులలోని గుమాస్తా పదవులకును, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి పదవులకును జరుగు పరీక్షలలో, తర్కశక్తిని శోధించు భాగమునందు ఈ జాతి ప్రశ్న తఱచుగా అగుపడుచుండును. మీ యింట నట్టి పరీక్షకు చదువుచున్న కూతురో కోడలో ఉండవచ్చును. మీరే అట్టి ప్రయత్నములో నుండవచ్చును. కావున ఈ మాసమున మేము ఈ విషయమునే ఎత్తుకొంటిమి.

హైదరాబాదునందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరము చేరువచేరువ పేటలు. పోటీపరీక్షలకు చదువు బాలబాలికలకు ఈ మూడు పేటలును ఒక విధమైన గురుకులము. అశోకనగరమున అడుగడుగునకు శిక్షణాలయములు, వసతిగృహములు, పరీక్షల పుస్తకము లమ్ము దుకాణములు కానవచ్చును. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉదయము మొదలు రాత్రివఱకు తమతమ పుస్తకములు ముందిడుకొని తల యెత్తక చదువుకొను యువజనులను చూడవచ్చును. వీరిలో పెక్కండ్రు జిల్లాలనుండి వచ్చినవారు. పల్లెబడులలో తెలుగున చదివినవారు. వీరి వెనుక, నెలనెలకు ఇంటి ఖర్చులో మిగిల్చి పైకము పంపు తల్లులున్నారు.

నారాయణగూడకు ఈ విషయములో మఱియొక విశేషము గలదు. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా వెలయుచున్న దినములలో, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు సైతము ఉర్దూలోనే బోధన జరుగుచున్న కాలమున, తెలుగు బాలికలకు తెలుగున చదువు చెప్పుటకై మాడపాటి హనుమంతరావుగారు మున్నగు పెద్దల పూనికతో 1928లో ఒక బాలికల పాఠశాల వెలసినది. ఆ పాఠశాల ఆయన పేరిట నారాయణగూడలో నున్నది. నాడు ఆడపిల్ల తెలుగున చదువుటయే ఒక సమస్య. నేడు తెలుగున చదివి వచ్చిన పిల్ల, ఆ వీధుల ప్రక్కనే కూర్చుండి, లెక్కలలోను లోకజ్ఞానములోను ఎవరికిని తీసిపోకయుండియు, నాలుగు ఆంగ్లాక్షరముల యెదుట తడబడుచున్నది. ఈ తడబాటు తెలివి తక్కువై కలిగినదా? కాదని మా యభిప్రాయము. కారణము వేఱొకటి గలదు.

తెలుగున పలికినది వ్రాయుదుము, వ్రాసినది పలుకుదుము. మన అక్షరమునందే అచ్చు ఇమిడియుండును. ‘క, ల, ప’ అను మూడక్షరముల నిచ్చినచో, వానిని పెదవులపై అటునిటు త్రిప్పిచూచి ‘కలప’ యనియు ‘పలక’ యనియు చెవితోనే పట్టుకొందుము. ‘న, వ, ల’ యన్నచో ‘నవల’, ‘వలన’ అని వెంటనే తోచును. ఆంగ్లమున అట్లు కాదు. ‘రైట్’ అను ధ్వని ఒక్కటే. ఒప్పు అను నర్థమున దానిని ఆర్, ఐ, జి, హెచ్, టి అని వ్రాయుదురు. వ్రాయుట యను నర్థమున డబ్ల్యు, ఆర్, ఐ, టి, ఇ అని వ్రాయుదురు. మొదటిదానిలో రెండక్షరములు, రెండవదానిలో మొదటి యక్షరము నోరు మెదపక కూర్చుండును. తెలుగుబడిలో చదివిన పిల్లకు ఆంగ్లపదములు తెలియకపోలేదు. బస్సులో, అంగడిలో, చలనచిత్రములలో విని వందలకొలది నేర్చియున్నది. కాని ఆమె వానిని చెవితో నేర్చినది. పరీక్షాధికారి కంటితో అడుగుచున్నాడు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. కావున దీనికి మందు, ఆంగ్లపదములను కంటితోను చేతితోను మఱల పరిచయము చేసికొనుట. ఈ మందునకు పెద్ద రుసుము లక్కఱలేదు. అది ఇంటిలోనే దొరకును.

అక్షరములతో ఆడుట మనజాతికి క్రొత్తయు కాదు. అష్టావధానమున ‘న్యస్తాక్షరి’ యను నంశము గలదు. పద్యములో ఫలానా పాదమున ఫలానా స్థానమునందు ఫలానా యక్షరము రావలెనని పృచ్ఛకుడు విధించును. అవధాని అట్లే పూరించును. ‘నిషిద్ధాక్షరి’లో, అవధాని ఒక్కొక్క యక్షరము పలుకుచుండగా, తరువాత ఈ యక్షరము రాగూడదని పృచ్ఛకుడు అడ్డుపడుచుండును. ‘దత్తపది’లో ఇచ్చిన మాటలను పద్యమున పొదుగవలెను. అక్షరము చూచి మాటను వెదకు విద్యకు మనవారు సభలలో శాలువలు కప్పి గౌరవించిరి. ఈ వారసత్వము గల పిల్లలు నాలుగు ఆంగ్లాక్షరములకు వెఱవ నేల?

ఇక పరీక్షలోని ప్రశ్నకు వత్తము. ఈ పుటలో ఆంగ్లాక్షరములను వాని పేర్లతోనే వ్రాయుచున్నాము. మీరు ప్రక్కన ఒక కాగితమును పెన్సిలును ఉంచుకొని, ఆంగ్లలిపిలో వ్రాసికొనుచు చదువుడు.

ప్రశ్న సాధారణముగా రెండు రూపములలో వచ్చును. మొదటిది: ఒక పెద్ద పదము నిచ్చి, అందలి ఇన్నవ, ఇన్నవ యక్షరములను ఒక్కొక్కసారి మాత్రమే వాడి, అర్థముగల ఆంగ్లపదము లెన్ని చేయవచ్చునని యడుగుదురు. ఒకటియు లేదు, ఒకటి, రెండు, మూడు, మూడుకంటె నెక్కువ అని సమాధానము లిచ్చి ఏఱుకొనుమందురు. రెండవది: ఒక పెద్ద పదము నిచ్చి, దానిలోని యక్షరములతో కూర్పరాని మాట యేదియని యడుగుదురు.

మొదట అక్షరముల సంఖ్యను చూడుడు. మూడక్షరములను ఆఱు విధముల నమర్పవచ్చును. నాలుగింటిని ఇరువదినాలుగు విధముల. అయిదింటిని నూటయిరువది విధముల. మూడక్షరములైనచో ఆఱు విధములను వ్రాసి చూచుటకు వ్యవధి యుండును. ఆర్, ఏ, టి అను వానిని చూడుడు. ఆర్-ఏ-టి ఎలుక, ఏ-ఆర్-టి కళ, టి-ఏ-ఆర్ తారు. తక్కిన మూడు కూర్పులకు అర్థము లేదు. సమాధానము మూడు. నాలుగక్షరములకు ఈ పద్ధతి పనికిరాదు. బ్యాంకు గుమాస్తాల ప్రాథమికపరీక్షలో తర్కభాగమునకు 35 ప్రశ్నలు, 20 నిమిషములు. అనగా ఒక్కొక్క ప్రశ్నకు సుమారు 34 క్షణములు. ఇరువదినాలుగు కూర్పులు వ్రాయుచు కూర్చుండుట కుదరదు. దారి తెలిసి వెదకవలెను. ఆ దారి యిది.

ఒకటి: అచ్చులను వేఱుచేయుడు. ఆంగ్లమున ఏ, ఇ, ఐ, ఓ, యు అనునవి అచ్చులు. వై అప్పుడప్పుడు అచ్చుపని చేయును. అచ్చు లేనిచో మాట యుండుట బహు అరుదు.

రెండు: జంటలను గుర్తింపుడు. ఎస్, సి, టి, డబ్ల్యు అనువాని వెంట హెచ్ తఱచుగా నడచును. ఎస్ తరువాత టి, పి, కె రావచ్చును. క్యూ వెంట యు ఉండితీరునని తలపవచ్చును. సి-కె యను జంటయు, ఎన్-జి యను జంటయు మాటకు మొదట రావు. నడుమనో తుదనో చూడవలెను.

మూడు: తోకను పట్టుకొనుడు. పెక్కు ఆంగ్లపదములు తుద ఇ తోడనో, ఎస్ తోడనో, వై తోడనో, ఇ-డి తోడనో, ఇ-ఆర్ తోడనో ముగియును. తోక దొరకినచో తల దొరకుట సులభము.

నాలుగు: అక్షరములను వరుసగా గాక గుండ్రముగా, ముగ్గుచుక్కలవలె వ్రాయుడు. వరుసగా నున్నప్పుడు కన్ను ఆ వరుసనే అంటిపెట్టుకొనియుండును. గుండ్రముగా వ్రాసినచో దానికి ఆ బంధము తెగును.

ఈ నాలుగు సూత్రములను మన నగరము పేరుమీదనే ప్రయోగింతము. హైదరాబాదును ఆంగ్లమున హెచ్, వై, డి, ఇ, ఆర్, ఏ, బి, ఏ, డి అని తొమ్మిది యక్షరములతో వ్రాయుదురు. ఇందు మూడు, నాలుగు, అయిదు, ఆఱవ యక్షరములను తీసికొనుడు: డి, ఇ, ఆర్, ఏ. అచ్చులు రెండు, హల్లులు రెండు. అచ్చులు రెండును కలిసి నడుమ నిలిచినచో డి-ఇ-ఏ-ఆర్, ప్రియమైన యను మాట. ఆర్-ఇ-ఏ-డి, చదువుట యను మాట. ఇ తోకయైనచో డి-ఏ-ఆర్-ఇ, సాహసించుట యను మాట. సమాధానము మూడు.

నాలుగు, అయిదు, ఆఱు, ఏడవ యక్షరములు తీసినచో ఇ, ఆర్, ఏ, బి. బి-ఇ-ఏ-ఆర్ భల్లూకము, బి-ఏ-ఆర్-ఇ ఆచ్ఛాదన లేనిది. ఇవి రెండు. పెద్ద నిఘంటువులను తిరుగవేసినచో బి-ఆర్-ఏ-ఇ యనియు ఒక మాట గలదు. అది స్కాట్లండువారు కొండవాలునకు వాడునది. ఇట్టి మాటలను పరీక్షలో సాధారణముగా లెక్కింపరు. దినపత్రికలో కనబడు మాటలనే లెక్కింపవలెను.

ఒకటి, నాలుగు, ఆఱు, తొమ్మిదవ యక్షరములు హెచ్, ఇ, ఏ, డి. వాడుకలో నున్న మాట ఒక్కటే: తల. అట్టి యొక్క మాటయే అయినపుడు, దాని మూడవ యక్షర మేదియని మెలిక పెట్టుదురు. సమాధానము ఏ. ఇక రెండు, మూడు, అయిదు, ఏడవ యక్షరములు తీసినచో వై, డి, ఆర్, బి. అచ్చుపని చేయగలది వై ఒక్కటి. దానిని తుదకు, నడుమకు, మొదటికి జరిపి చూచినను మాట కాదు. ఒకటియు లేదని వెంటనే గీత పెట్టి ముందునకు పోవచ్చును. ఒక్క హైదరాబాదులోనే నాలుగు విధములైన సమాధానములును లభించినవి గదా!

రెండవ రూపపు ప్రశ్నకు చిక్కడపల్లిని చూతము. సి, హెచ్, ఐ, కె, కె, ఏ, డి, పి, ఏ, ఎల్, ఎల్, వై అని పండ్రెండక్షరములు. ఇందు సి-హెచ్-ఐ-ఎల్-డి, బిడ్డ, కలదు. ఎల్-ఏ-డి-వై, గృహిణి, కలదు. పి-ఎల్-ఏ-వై, ఆట, కలదు. డి-ఏ-ఐ-ఎల్-వై, ప్రతిదినము, కలదు. హెచ్-ఏ-పి-పి-వై, సంతోషము, కలదా? అక్షరము లన్నియు ఉన్నట్లే తోచును. కాని ఆ మాటకు పి రెండు కావలెను, చిక్కడపల్లిలో పి ఒక్కటే. కావున కూర్పరాని మాట అదియే. ఇట్టి ప్రశ్నలో లేని యక్షరమును గాని, రెండుసార్లు కావలసిన యక్షరమును గాని చూచినచో చాలును. మాటల యర్థముతో పనిలేదు. ఆంగ్లము అంతంతమాత్రముగా వచ్చిన పిల్లయు పూర్తి మార్కులు తెచ్చుకొనగల ప్రశ్న ఇది. దీనిని మాత్రము విడువరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

ఇంటియందలి సాధనకు ఒక యాట చెప్పెదము. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అను గృహశిల్పి, 1930ల ఆర్థికమాంద్యమున పనిలేక యున్న దినములలో, వార్తాపత్రికల పుటలలో ఏ యక్షర మెన్నిమార్లు వచ్చునో లెక్కించి ఒక యాటను కల్పించెను. 1948నుండి దానికి స్క్రాబుల్ అని పేరు. అంగడిలో కొనినచో వెల యగును. ఇంట చేసికొనినచో ఖర్చు లేదు. పాత పెండ్లి శుభలేఖలను నూఱు చిన్న చదరపు ముక్కలుగా కత్తిరింపుడు. ఇ పండ్రెండు ముక్కలపై వ్రాయుడు. ఏ తొమ్మిది, ఐ తొమ్మిది, ఓ ఎనిమిది. ఎన్, ఆర్, టి ఒక్కొక్కటి ఆఱేసి. డి, ఎల్, ఎస్, యు ఒక్కొక్కటి నాలుగేసి. జి మూడు. బి, సి, ఎఫ్, హెచ్, ఎం, పి, వి, డబ్ల్యు, వై రెండేసి. జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటి. ఇవి తొంబదియెనిమిది. మిగిలిన రెంటిని ఖాళీగా నుంచుడు. వానిని కావలసిన యక్షరముగా వాడుకొనవచ్చును. ఏ యక్షర మెక్కువ, ఏది తక్కువ యను సంగతి ఈ ముక్కలను వ్రాయునప్పుడే పిల్లల మనసున నాటుకొనును.

రాత్రి భోజనములైన పిమ్మట పావుగంట ఈ ముక్కలను ఒక సంచిలో కలిపి, ఒక్కొక్కరు ఏడేసి తీసి, పదములు కూర్పుడు. క్రొత్త మాట దొరకినపుడు నిఘంటువు తెఱచి చూచి, ఆ మాటను, దాని తెలుగు అర్థమును ఒక పుస్తకమున వ్రాయించుడు. శంకరనారాయణగారి ఆంగ్లాంధ్ర నిఘంటువు వంటిది ఒకటి ఇంట నుండిన చాలును. దినమునకు అయిదు మాట లన్నచో నెలకు నూటయేబది యగును. ఆంగ్లము రాని తల్లియు ఈ యాటలో కూర్చుండవచ్చును. అక్షరములు ఇరువదియాఱే గదా. వానిని నేర్చుటకు వారము చాలును. పిల్లకు పాఠము చెప్పుచు తల్లి నేర్చుటయు, తల్లికి చెప్పుచు పిల్ల గట్టిపడుటయు ఇందలి లాభము.

ఇంతవఱకు సాధన సంగతి. న్యాయము సంగతియు ఒకమాట చెప్పవలసియున్నది. గ్రామీణబ్యాంకుల పరీక్షలను ప్రాంతీయభాషలలో జరుపుదుమని 2019లోను, ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా పరీక్షలను తెలుగుతో కూడ పదమూడు ప్రాంతీయభాషలలో జరుపవలెనని 2021లోను కేంద్ర ఆర్థికశాఖ ప్రకటించినది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారును 2023లో కొన్ని పరీక్షల విషయమున ఈ మార్గమునే పట్టిరి. ఇది మెచ్చదగిన మార్పు. కాని ‘అర్థముగల ఆంగ్లపదము లెన్ని’ యను ప్రశ్నను ఏ భాషలోనికి మార్చినను అది ఆంగ్లప్రశ్నయే. తర్కమును శోధింపదలచినచో తెలుగు పిల్లకు తెలుగు అక్షరము లిచ్చి శోధింపరాదా? ఆంగ్లమునకు వేఱుగా ఒక భాగముండగా, తర్కము పేర మఱల ఆంగ్లమునే అడుగుట సరియా? పరీక్షాధికారులు ఆలోచింపవలసిన విషయమిది. వారు ఆలోచించునంతవఱకు మన పిల్లలు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. అందుకే ఈ వ్యాసము.

ఒక హెచ్చరిక. బ్యాంకు పరీక్షలలో తప్పు సమాధానమునకు, ఆ ప్రశ్నకు గల మార్కులో నాల్గవవంతు తగ్గింతురు. కావున పై సూత్రములను అన్వయించిన పిమ్మటను సంశయము తీఱనిచో ఆ ప్రశ్నను విడిచి సాగుట మేలు. ఒక్క మార్కునకై రెండు నిమిషములు పోగొట్టుకొన్నచో, తెలిసిన మూడు ప్రశ్నలు చేజాఱును. ఇంటిఖర్చులో మనము పాటించు పొదుపు కాలమునందును పాటింపవలెను. మఱియొకటి: వితంతువులకును, భర్తనుండి విడిపోయి మఱల వివాహమాడని స్త్రీలకును బ్యాంకు గుమాస్తా పదవుల విషయమున వయఃపరిమితిలో సడలింపు చూపుచున్నారు. చదువుకొనియుండి వయసు మించినదని నిరాశపడిన సోదరీమణులు ప్రకటన వెలువడినప్పుడు అందలి నిబంధనలను స్వయముగా చదివి తెలిసికొనవలెను.

ఈ మాసపు అభ్యాసములు నాలుగు. మొదటిది: ఎస్, టి, ఓ, పి అను నాలుగక్షరములతో ఎన్ని మాటలగును? రెండవది: హెచ్, ఇ, ఏ, ఆర్, టి అను నైదింటితో హృదయము గాక మఱియొక పెద్ద వస్తువు కలదు, ఏది? మూడవది: అశోకనగరమును ఆంగ్లమున వ్రాసి, అందు పాట యను మాటను, శరీరమునందలి అవయవ మను మాటను, మూలుగు అను మాటను పట్టుకొనుడు. నాల్గవది: ఎస్, టి, యు, డి, వై అను నక్షరములతో చదువు అను మాట యగును, వానినే అటునిటు మార్చి మఱియొక మాట చెప్పుడు.

సమాధానములు: మొదటిదానికి ఆఱు. ఎస్-టి-ఓ-పి ఆగుట, ఎస్-పి-ఓ-టి మచ్చ, పి-ఓ-ఎస్-టి తపాలు, పి-ఓ-టి-ఎస్ కుండలు, టి-ఓ-పి-ఎస్ బొంగరములు, ఓ-పి-టి-ఎస్ ఎంచుకొనును. రెండవదానికి ఇ-ఏ-ఆర్-టి-హెచ్, భూమి. మూడవదానికి ఎస్-ఓ-ఎన్-జి పాట, ఓ-ఆర్-జి-ఏ-ఎన్ అవయవము, ఆ యైదక్షరములనే మార్చినచో జి-ఆర్-ఓ-ఏ-ఎన్ మూలుగు. నాల్గవదానికి డి-యు-ఎస్-టి-వై, దుమ్ము పట్టినది అని యర్థము. అటకమీద దుమ్ము పట్టియున్న మీ పాత ఆంగ్లవాచకము ఉన్నచో, ఈ నెల దానిని క్రిందికి దింపి తుడిచి, పిల్లల ముందు ఉంచుడు.